పాత ఇంటి గోడల్లో బ్లోన్-ఇన్ ఇన్సులేషన్ నింపడం ఎలా?

ఎప్పుడో కట్టిన ఇంటి గోడల్లో ఇన్సులేషన్ (వేడి, చలి గోడ దాటకుండా అడ్డుకునే పొర) లేదని తెలిసినప్పుడు, గోడలు విప్పితే తప్ప దాన్ని అమర్చలేమని చాలామంది అనుకుంటారు. చెక్క చట్రంతో కట్టిన ఇల్లయితే ఆ అవసరం లేదు. నిలువు చెక్కల మధ్య ఉండే ఖాళీ అరల్లోకి చిన్న రంధ్రాల గుండా, గాలి ఒత్తిడితో సెల్యులోజ్‌ను నింపవచ్చు; దీన్నే బ్లోన్-ఇన్ ఇన్సులేషన్ అంటారు. పూర్తిగా ఇటుకతోనో కాంక్రీటుతోనో కట్టిన గోడలో ఖాళీ ఉండదు కాబట్టి అక్కడ ఈ పద్ధతి పనికిరాదు.

సెల్యులోజ్ అంటే పాత వార్తాపత్రికలను పీచుగా మార్చి, మంట త్వరగా అంటుకోకుండా బోరేట్ లవణాలు కలిపిన పదార్థం. ఫైబర్‌గ్లాస్ కూడా నింపవచ్చు గానీ, గట్టిగా కూరిన సెల్యులోజ్ గోడలోని గాలి కదలికను కూడా బాగా అడ్డుకుంటుంది కనుక పాత ఇళ్లకు అదే మేలు. 9 సెంటీమీటర్ల లోతున్న అరలో దాని ఆర్-విలువ, అంటే వేడిని అడ్డుకునే సామర్థ్యం, అమెరికా కొలమానంలో సుమారు 13 ఉంటుంది.

ముందు గోడ పరిస్థితి చూడాలి

ఈ దశలో తొందరపడకూడదు, ఎందుకంటే ఒకసారి నింపాక గోడ లోపల ఏముందో చూసే వీలు ఉండదు. కిటికీ అడుగున చెక్కను స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి; మొన సులువుగా దిగబడితే ఎక్కడో నీరు దిగుతోందని అర్థం. ఆ లీకును బాగుచేసి, గోడ పూర్తిగా ఆరిన తర్వాతే పని మొదలుపెట్టాలి. చాలా పాత ఇళ్లలో పింగాణీ బొడిపెల మీదుగా లాగిన కరెంటు తీగలు ఉంటాయి. అవి చుట్టూ ఉన్న గాలిలోకి వేడిని వదిలేలా అమర్చినవి కాబట్టి, వాటి చుట్టూ ఇన్సులేషన్ కూరితే వేడెక్కి అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు. ఎలక్ట్రీషియన్ వాటిని మార్చేవరకు ఆ గోడ జోలికి వెళ్లకూడదు. పొగ గొట్టాలు, గాలి వాహికలుగా వాడే అరలు, గోడలోకి జరిగే తలుపుల చోట్లు ఎక్కడున్నాయో గుర్తించి వాటిని వదిలేయాలి. పాత రంగుల్లో సీసం, పాత గోడ పదార్థాల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక రంధ్రాలు చేసేముందే పరీక్ష చేయించండి.

రంధ్రాలు చేయడం, నింపడం

నిలువు చెక్కలు సాధారణంగా 40 లేదా 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. గోడ లోపలి చెక్కలను కనిపెట్టే స్టడ్ ఫైండర్ అనే పరికరంతో ప్రతి చెక్కనూ గుర్తించి, ఆ గోడకు కరెంటు ఆపి, గోడ బయటి వైపు కప్పిన పలకల్లో ఒక వరుసను జాగ్రత్తగా ఊడదీసి, ఒక్కో అరకు సుమారు 6 సెంటీమీటర్ల రంధ్రం చేయాలి. రంధ్రంలోంచి గట్టి తీగను పైకీ కిందికీ పోనిచ్చి చూస్తే, మధ్యలో అడ్డుచెక్క ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. అడ్డు ఉంటే దాని అవతలి వైపున మరో రంధ్రం తప్పదు. లోపలి వైపు స్విచ్ పెట్టెల చుట్టూ ఉన్న సందులను ముందే మూసివేయండి, లేకపోతే పీచు గదిలోకి ఎగజిమ్ముతుంది.

ఈ పనికి ఇద్దరు కావాలి: ఒకరు యంత్రంలో పీచు వేస్తుంటే మరొకరు గొట్టం పట్టుకోవాలి. ఇద్దరూ మాస్కు, కళ్లద్దాలు ధరించాలి. అటక మీద పరచడానికి వాడే చిన్న యంత్రాలకు గోడల్లో కూరేంత ఒత్తిడి సాధారణంగా ఉండదు, కాబట్టి అద్దెకు తెచ్చేముందు ఆ సంగతి అడగండి. సన్నని గొట్టాన్ని అర చివరికి ఓ 30 సెంటీమీటర్ల దూరం వరకు పోనిచ్చి యంత్రాన్ని ఆన్ చేయాలి. గొట్టం కొనవద్ద పీచు బిగుసుకోగానే ప్రవాహం ఆగుతుంది, మోటారు శబ్దం మారుతుంది; అప్పుడు గొట్టాన్ని కొద్దిగా వెనక్కి లాగితే మళ్లీ పారుతుంది. ఇలా అర నిండేవరకు చేయాలి. గోడకు గది వైపున బిగించిన జిప్సం బోర్డు బలహీనంగా ఉంటే ఉబ్బవచ్చు కనుక లోపలి వైపు ఒకరు అప్పుడప్పుడూ చూస్తుండాలి.

సరిగా నిండిందో లేదో చెప్పేది బరువే. ఘనపు మీటరుకు సుమారు 56 కిలోలు పడితేనే పీచు కాలక్రమంలో కిందికి కుంగకుండా నిలుస్తుంది. 40 సెంటీమీటర్ల దూరంలో చెక్కలుండి, 2.4 మీటర్ల ఎత్తు, 9 సెంటీమీటర్ల లోతు ఉన్న అరకు దాదాపు నాలుగున్నర కిలోలు పట్టాలి. రెండు కిలోలకే ఆగిపోతే ఏదో అడ్డం పడిందని, పది కిలోలు దాటినా నిండకపోతే అర కింద నేలమాళిగలోకో మరెక్కడికో తెరుచుకుని ఉందని అనుమానించాలి.

చివరగా రంధ్రాలను చెక్క బిరడాలతో మూసి, నీరు చొరకుండా టేపు అంటించి, పలకలను తిరిగి బిగించాలి. ఇంట్లోకి గాలి చొరబాటు తగ్గుతుంది కాబట్టి గ్యాస్ హీటర్ల పొగ సరిగా బయటికి పోతోందో లేదో పరీక్ష చేయించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవడం తప్పనిసరి. చల్లని రోజున ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో లోపలి నుంచి గోడను చూస్తే, నిండని భాగం చుట్టుపక్కల కంటే చల్లగా, వేరే రంగులో కనిపిస్తుంది. అక్కడ మరో రంధ్రం చేసి నింపండి.