మ్యాన్‌హోల్ విషవాయువును తక్కువ విద్యుత్తుతో పసిగట్టే సెన్సర్: నానో పొరను తయారుచేసే విధానం

మురుగునీటి మ్యాన్‌హోళ్లలో ప్రాణాలు తీసే వాయువుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ముఖ్యమైనది. కుళ్లిన కోడిగుడ్డు వాసనను బట్టి దానిని గుర్తించవచ్చనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే గాఢత 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) దరిదాపులకు చేరేసరికి ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తిని కోల్పోతుంది. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను మురుగు కాలువల్లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ సాధనాల్లో ఒకటిగా ఒంటికి తగిలించుకునే సెన్సర్‌ను తయారుచేయబోతే మొదట అడ్డుపడేది బ్యాటరీ.

బజారులో దొరికే, టిన్ ఆక్సైడ్ పొరను హీటరుతో వేడిచేసి వాయువును పసిగట్టే ఎంక్యూ-2 తరహా సెన్సర్‌లో హీటరు నిరోధం సుమారు 33 ఓములు ఉంటుంది. దానికి 5 వోల్టులు ఇస్తే ముప్పావు వాటు నిరంతరం ఖర్చవుతుంది కనుక, 3.7 వోల్టుల, 3000 మిల్లీ ఆంపియర్-అవర్ల లిథియం సెల్ పదిహేను గంటలకు ముందే ఖాళీ అవుతుంది. అయితే ఆ వేడి లేనిదే సెన్సర్ పనిచేయదు. వాయువు తగిలినప్పుడు టిన్ ఆక్సైడ్ పొర విద్యుత్ నిరోధం మారడాన్నే అది కొలుస్తుంది. టిన్ ఆక్సైడ్ ఉపరితలం మీద ఆక్సిజన్ చేరి ఎలక్ట్రాన్లను పట్టి ఉంచడానికి, వచ్చిన వాయువు దానితో చర్య జరపడానికి మామూలుగా 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ అవసరమవుతుంది. సిలికాన్ మీద పలుచని పొరగా చెక్కిన మైక్రో హీటరును వాడితే ఖర్చు కొన్ని పదుల మిల్లీవాట్లకు దిగుతుంది. అంతకంటే తగ్గించాలంటే తక్కువ వేడిలోనే స్పందించే పదార్థం కావాలి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు నా ఎంపిక కాపర్ ఆక్సైడ్ కణాలను అద్దిన నానో (కొన్ని నానోమీటర్ల రేణువులుగా ఉండే) టిన్ ఆక్సైడ్. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షవ వంతు.

ముందుగా టిన్ టెట్రాక్లోరైడ్ ద్రావణంలో అమోనియా ద్రావణాన్ని నెమ్మదిగా కలిపి తెల్లని అవక్షేపాన్ని రాబట్టాలి. దానిలో క్లోరైడ్ మిగిలితే పొర నిరోధం నిలకడగా ఉండదు కనుక, కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసినా తెల్లని మడ్డి కనిపించనంత వరకు కడగాలి. కడిగేకొద్దీ అవక్షేపం నీటిలో చెదిరిపోతుంది కాబట్టి వడపోత కాగితంతో పని జరగదు, సెంట్రిఫ్యూజ్ (వేగంగా తిప్పి అవక్షేపాన్ని నీటి నుంచి వేరుచేసే యంత్రం) ఉండాలి. ఆరబెట్టిన పొడిని సుమారు 400 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చాలి. ఇక్కడ తొందరపడి ఉష్ణోగ్రత పెంచితే రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. టిన్ ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్లు ఖాళీ అయ్యే ఉపరితల పొర మందం సుమారు 3 నానోమీటర్లు. రేణువు వ్యాసం దానికి రెట్టింపు, అంటే 6 నానోమీటర్ల దరిదాపుల్లో ఉన్నప్పుడు రేణువు మొత్తం వాయువుకు స్పందిస్తుంది, సున్నితత్వం ఒక్కసారిగా పెరుగుతుంది. అందువల్ల ప్రతి విడత పొడినీ ఎక్స్-రే డిఫ్రాక్షన్‌తో (ఎక్స్-కిరణాలు చెదిరే తీరును బట్టి రేణువు పరిమాణాన్ని తెలిపే పద్ధతి) కొలిచి, ఆ పరిమాణానికి దగ్గరగా ఉన్నదానినే ముందుకు తీసుకెళ్లాలి.

ఈ పొడిని ఆల్కహాల్‌లో కలిపి మైక్రో హీటరు మీది ఎలక్ట్రోడ్లపై చుక్కగా వేసి ఆరనివ్వాలి. తరువాత పలుచని కాపర్ నైట్రేట్ ద్రావణాన్ని అద్ది మళ్లీ 350 డిగ్రీల దగ్గర కాల్చాలి. రాగి పాళ్లు బరువులో 1, 3, 5 శాతాలుగా మూడు నమూనాలు చేసి పోల్చడం మంచిది. కాపర్ ఆక్సైడ్ విడివిడి దీవుల్లా ఉండాలే గాని ఉపరితలాన్ని పూర్తిగా కప్పేయకూడదు. పీ-రకం (ఎలక్ట్రాన్ల ఖాళీల ద్వారా కరెంటును మోసే) కాపర్ ఆక్సైడ్, ఎన్-రకం (ఎలక్ట్రాన్ల ద్వారా మోసే) టిన్ ఆక్సైడ్ కలిసిన చోట కరెంటుకు అడ్డుగోడ ఏర్పడి నిరోధం బాగా పెరుగుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ తగలగానే కాపర్ ఆక్సైడ్ లోహంలా విద్యుత్తును ప్రవహింపజేసే కాపర్ సల్ఫైడ్‌గా మారి ఆ గోడ కూలుతుంది, నిరోధం ఎన్నో రెట్లు పడిపోతుంది. 150 డిగ్రీల ప్రాంతంలోనే ఇది జరగడం మనకు లాభం.

నష్టం కూడా అక్కడే ఉంది. తక్కువ వేడిలో కాపర్ సల్ఫైడ్ తిరిగి ఆక్సైడ్‌గా మారడం చాలా నెమ్మది, కాబట్టి వాయువు పోయినా సెన్సర్ దానిని చూపుతూనే ఉంటుంది. పరిశోధనా పత్రాలు సున్నితత్వాన్ని గొప్పగా చూపించి, కోలుకునే సమయాన్ని ఒక మూలన పెట్టడం నాకు రుచించదు. ప్రతి గుర్తింపు తరువాత శుభ్రమైన గాలిలో హీటరును కొద్ది సెకన్లు 300 డిగ్రీలకు తీసుకెళ్లే పల్స్‌ను ప్రోగ్రాంలో తప్పక పెట్టాలి. మామూలు సమయంలో పది సెకన్లకు ఒక సెకను మాత్రమే వేడిచేస్తే, 15 మిల్లీవాట్ల హీటరు సగటున 1.5 మిల్లీవాట్లే తీసుకుంటుంది. ఆ లెక్కన పైన చెప్పిన సెల్ హీటరు వరకు పది నెలలు సరిపోతుంది.

వేడి తగ్గించినప్పుడు పొర నిరోధం మెగా ఓముల్లోకి వెళ్తుంది. తేమ పట్టిన సర్క్యూట్ బోర్డు మీద లీకయ్యే కరెంటే సంకేతాన్ని మింగేయగలదు కనుక, ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం తగ్గించి, ఇన్‌పుట్ నిరోధం ఎక్కువగా ఉన్న యాంప్లిఫయర్‌ను వాడి, బోర్డుకు రక్షణ పూత వేయాలి. నీటి తుంపరలను ఆపడానికి సన్నని రంధ్రాల టెఫ్లాన్ పొర చాలు. యాక్టివేటెడ్ కార్బన్ మాత్రం వద్దు, అది మనం వెతికే వాయువునే పీల్చేస్తుంది. సిలికోన్ జిగురును కూడా దరిచేరనీయరాదు, దాని ఆవిరి టిన్ ఆక్సైడ్‌ను శాశ్వతంగా మొద్దుబార్చగలదు.

క్రమాంకనానికి (తెలిసిన గాఢతలతో రీడింగులను సరిచూసుకోవడానికి) ముందు పొరను అత్యధిక పని ఉష్ణోగ్రత వద్ద కొన్ని రోజులు నడిపి స్థిరపరచాలి. పరీక్షకు ఫ్యూమ్ హుడ్‌లో (విషవాయువులను బయటికి లాగేసే ప్రయోగశాల గూడు), గాఢత ధ్రువీకరించిన సిలిండర్ వాయువునే వాడాలి. ఐరన్ సల్ఫైడ్ మీద ఆమ్లం పోసి సొంతంగా వాయువు తయారుచేసుకోకూడదు. పొడి గాలిలో వచ్చిన అంకెలు మ్యాన్‌హోల్‌లో పనికిరావు కనుక 90 శాతం సాపేక్ష తేమలో 10 పీపీఎం వాయువును పదేపదే పంపి, ప్రతిసారీ నిరోధం మొదటి విలువకు ఎంత సేపట్లో చేరుతోందో నమోదు చేయాలి. ఈ పరీక్షల్లో నెగ్గినా ఇది ప్రయోగశాల నమూనాయే కాబట్టి, మనిషి లోపలికి దిగే చోట ధ్రువీకరణ పొందిన డిటెక్టర్‌కు పక్కన ఉంచి రెండింటి రీడింగులను పోల్చడానికే దీనిని వాడాలి.