సీపీటీ రీడింగుల నుంచి మట్టి రకం తేల్చడం: తిరుపతి, చిత్తూరు నేలల్లో

సీపీటీ (కోన్ పెనెట్రేషన్ టెస్ట్) అంటే మొనదేలిన కోన్‌ను నేలలోకి నొక్కుతూ మట్టి ఎంత అడ్డుకుంటుందో కొలిచే పరీక్ష. అన్ని నేలల్లోనూ కోన్ దిగదు. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైటు, గ్నైసు చాలాచోట్ల తక్కువ లోతులోనే తగులుతాయి. శేషాచలం కొండల మొదట్లోనైతే మట్టిలో కలిసిపోయిన క్వార్ట్‌జైట్ బండలుంటాయి. అలాంటి చోట కోన్ పాడుచేసుకోవడం కన్నా బోరు వేసి ఎస్పీటీ (సుత్తి దెబ్బలు లెక్కపెట్టే స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్) చేయడమే నయం. స్వర్ణముఖి ఒడ్డు ఒండ్రులో, సూళ్లూరుపేట, తడ వైపు పులికాట్ అంచున మెత్తటి బంకమట్టిలో సీపీటీకి సాటి లేదు.

కోన్ మొన కోణం 60 డిగ్రీలు, అడుగు వైశాల్యం 10 చ.సెం.మీ., స్లీవ్ (కోన్ పైన ఉండి పక్క ఘర్షణ కొలిచే గొట్టం) వైశాల్యం 150 చ.సెం.మీ. సెకనుకు 20 మి.మీ. వేగంతో, ఆగకుండా దించాలి. దించే ముందూ, పైకి తీశాకా జీరో రీడింగు రాసుకోండి. మెత్తటి బంకమట్టిలో స్లీవ్ ఘర్షణ పది, పదిహేను కిలోపాస్కళ్లే ఉంటుంది కాబట్టి జీరో కాస్త జరిగినా మట్టి పేరే మారిపోతుంది. నీటి పీడనం కొలిచే ఫిల్టర్‌ను గాలి లేకుండా సిలికాన్ ఆయిల్‌తో నింపాలి. ఎండిన పైపొరలోంచి దించితే ఆ ఆయిల్ పీల్చుకుపోయి, కింద బంకమట్టిలోకి వెళ్లాక కూడా పీడనం మందకొడిగా పెరుగుతుంది. అందుకే నీటిమట్టం దాకా ముందే చిన్న బోరు వేసి, నీళ్లు నింపి, అందులోంచి దించడం మంచిది.

ఇక లెక్క. స్లీవ్ మధ్యభాగం మొనకు దాదాపు 10 సెం.మీ. పైన ఉంటుంది. ఘర్షణ రీడింగును అంత మేర జరిపి, ఒకే లోతులోని కోన్ నిరోధంతో జతచేయండి. తర్వాత నీటి పీడనపు దిద్దుబాటు. ఉదాహరణకు 6 మీటర్ల లోతు, నీటిమట్టం 2 మీటర్లు, మట్టి బరువు ఘనపు మీటరుకు 17 కిలోన్యూటన్లు అనుకుందాం. కోన్ నిరోధం 500, స్లీవ్ ఘర్షణ 15, నీటి పీడనం 250 కిలోపాస్కళ్లు. కోన్ వైశాల్య నిష్పత్తి 0.8. దిద్దిన నిరోధం 500 + 250 × (1 − 0.8) = 550. పైమట్టి ఒత్తిడి 102. అందులో నిలకడ నీటి పీడనం 39 పోగా మిగిలేది 63. నికర నిరోధం 550 − 102 = 448. దిద్దకపోతే 398 మాత్రమే వచ్చేది. ఇసుకలో ఈ తేడా లెక్కలోకి రాదు గానీ బంకమట్టిలో వదిలేయకూడదు.

క్యూ (నికర నిరోధాన్ని ఆ మిగిలిన ఒత్తిడితో భాగించినది) = 448 ÷ 63 = 7.1. ఎఫ్ (ఘర్షణ నిష్పత్తి) = 15 ÷ 448, అంటే 3.35 శాతం. 3.47లోంచి లాగ్ (బేస్ 10) క్యూ తీసేసి వర్గం చేయండి. లాగ్ ఎఫ్‌కు 1.22 కలిపి వర్గం చేయండి. రెండూ కూడి వర్గమూలం తీస్తే ఐసీ (మట్టి ప్రవర్తన సూచిక): ఇక్కడ 3.15.

రాబర్ట్‌సన్ 1990 చార్టు ఆధారంగా వచ్చిన హద్దులివి: 1.31 కన్నా తక్కువైతే గులక కలిసిన లేదా దట్టమైన ఇసుక, 2.05 దాకా ఇసుక, 2.60 దాకా సిల్ట్ (ఇసుక కన్నా సన్నటి రేణువుల మట్టి) కలిసిన ఇసుక; 2.95 దాకా సిల్ట్ మిశ్రమం, 3.60 దాకా బంకమట్టి. ఆపైన సేంద్రియ మట్టి. మన ఉదాహరణ బంకమట్టే. నీటి పీడన నిష్పత్తి (250 − 39) ÷ 448 = 0.47 కూడా అదే చెబుతోంది. ఇసుకలో అది సున్నా చుట్టుపక్కల ఉంటుంది.

ఇది మట్టి ప్రవర్తన పేరే గానీ రేణువుల సైజు కాదు. మట్టి వర్గీకరణకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1498 ప్రకారం పేరు రాయాలంటే శాంపిల్, అటర్‌బర్గ్ పరీక్ష (మట్టి ఏ తేమలో ముద్దగా, ఏ తేమలో జారుగా మారుతుందో చూసేది) కావాల్సిందే. ముఖ్యంగా ఐసీ 2.60 దగ్గర తచ్చాడుతుంటే శాంపిల్ లేకుండా తీర్పు చెప్పకండి.

ఎక్కువగా తప్పు జరిగేది పొరల సరిహద్దులో. కోన్ ఇసుకలోంచి బంకమట్టిలోకి దిగేటప్పుడు ఐసీ మధ్య విలువలన్నీ దాటుకుంటూ పోతుంది. దాన్ని చూసి రిపోర్టులో లేని సిల్ట్ పొర గీసేస్తుంటారు. ఐసీ గబగబా మారుతున్న ఆ ముక్కను లెక్కలోంచి తీసేయండి. ఎర్రనేలల ఎండిన పైపొర ఇంకో చిక్కు: వేసవిలో గట్టిపడి, బంక ఉన్నా ఇసుకలా కనిపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక అదే చోట రీడింగు పడిపోతుంది. కాబట్టి పరీక్ష చేసిన నెల, ఆ రోజు నీటిమట్టం రిపోర్టులో రాయండి. సరిచూసే బోరును సీపీటీ అయ్యాకే, కనీసం రెండు మీటర్లు ఎడంగా వేయండి. ముందే వేస్తే చుట్టూ మట్టి వదులై కోన్ రీడింగు తగ్గుతుంది.