బందరు నుంచి ఉప్పాడ దాకా: సముద్రం పక్కన బండి నడపాలంటే

బందరు నుంచి 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే పొద్దున బయల్దేరి చీకటి పడేలోపు కాకినాడ దాటి ఉప్పాడ చేరిపోవచ్చు. రెండు వందల కిలోమీటర్ల పైనే. మేం మూడు రోజులు తీసుకున్నాం. వీలైన చోటల్లా హైవే వదిలేసి కాలువ గట్ల మీద, రొయ్యల చెరువుల మధ్య, ఒడ్డున ఉన్న ఊళ్ళ మీదుగా పోయాం. నాది తణుకులో టూవీలర్ మెకానిక్ షెడ్డు, 22 ఏళ్ళ నుంచి. కూడా వచ్చిన మావాడు నా స్నేహితుడు, టెన్త్ దాకా నా బెంచీ, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. వాడిది బుల్లెట్ 350, నాది 2009 స్ప్లెండర్. ఎలా వెళ్ళారు, ఏం పట్టుకెళ్ళారు అని షెడ్డుకొచ్చిన కుర్రాళ్ళు అడుగుతుంటే ప్రతిసారీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

ముందు తేదీలు. డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు వద్దు. 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుపాను, రెండూ నవంబరువే. వానలు తగ్గాక కూడా ఒకటి చూసుకోండి: కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. పగలైతే కనపడతాయి, రాత్రి ఆ రాయి మీదకి ముందు చక్రం ఎక్కిందంటే హాస్పిటలే. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల లాడ్జిలో గది దొరకడం కష్టం. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, ఆ వారం గోదారి దాటించే పంటు (బల్లకట్టు) మీద నిలబడ్డానికి చోటుండదు. మీకు తీర్థమే కావాలంటే సరే.

తేదీ కుదిరాక పంచాంగం తీసి అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో చూడండి. ముహూర్తం కోసం కాదు. ఆ రోజుల్లో పోటు బాగా ఎక్కువ, సముద్రం మామూలుగా రాని చోటికి వస్తుంది. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటలు, రోజు రోజుకీ ముప్పావు గంట పైగా ఆలస్యమవుతుంది. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళని అడిగితే ఫోను చూడకుండా చెప్పేస్తారు.

ఇక స్నేహితుడి సంగతి. బండి కన్నా దీనికే ఎక్కువ తయారీ కావాలి. మేం పదకొండేళ్ళలో పెళ్ళిళ్ళలో తప్ప కలుసుకోలేదు. మనకి గుర్తున్నవాడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, బండి మీద వచ్చేవాడికి బీపీ మాత్రలుంటాయి, మోకాలు నొప్పి ఉంటుంది, మధ్యాహ్నం రెండుకి నిద్ర వస్తుంది. అందుకని ఫోన్లోనే మొహమాటం లేకుండా కొన్ని తేల్చుకోండి. రోజుకి 100 కిలోమీటర్లు మించొద్దు. చీకటి పడ్డాక బండి తియ్యొద్దు. గదులు రెండు తీసుకోవాలి. గురక పెట్టేవాడికి తను గురక పెడతానని తెలీదు, పక్కవాడికి పొద్దున నిద్రలేక బండి మీద కునుకు వస్తుంది. ఇది ఖర్చు కాదు, జాగ్రత్త.

డబ్బుకి ఒకటే సంచీ. ఇద్దరం చెరో 4,000 వేశాం. టీ నుంచి పెట్రోలు దాకా అందులోంచే. "నేనిస్తా, నేనిస్తా" అని కొట్టు ముందు పెనుగులాట లేదు. వాడి బుల్లెట్ నా స్ప్లెండర్ కన్నా ఎక్కువ తాగుతుంది కదా అని లెక్కలు తీశారో, అక్కడితో ఆపి ఇంటికొచ్చెయ్యడం నయం.

దారిలో ఎవరు ముందు? నెమ్మదిగా వెళ్ళేవాడు ముందు. బుల్లెట్‌వాడు ముందుంటే స్ప్లెండర్‌వాడు ఇంజను పిండుకుంటూ వెనకాల పరిగెత్తాలి. తర్వాత మలుపు సూత్రం: ముందున్నవాడు ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనకవాడి హెడ్‌లైటు అద్దంలో కనపడ్డాకే తిరగాలి. ఫోన్లు అక్కర్లేదు. మొదటి రోజు మావాడు దీన్ని చిన్నపిల్లల వ్యవహారం అన్నాడు. కృత్తివెన్ను దాటాక చెరువు గట్ల మధ్య ఎటు చూసినా ఒకేలా ఉండే చోట నలభై నిమిషాలు ఒకణ్ణొకడు వెతుక్కున్నాక మళ్ళీ ఆ మాట అనలేదు.

అక్కడ మ్యాపును నమ్మడమే మా తప్పు. ఫోను చెరువు గట్టుని కూడా రోడ్డే అని చూపిస్తుంది. మనుషుల్ని అడగండి, కానీ సరిగ్గా అడగండి. "ఇటు దారుందాండీ?" అంటే "ఉందండీ" అనే వస్తుంది. నడిచిపోయేవాడికి అది దారే కదా. "ఈ వారంలో ఇటు బండి పోయిందా?" అని అడగాలి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది: "బండా? మొన్నే గండి పడిందండీ, వెనక్కెళ్ళి లోసరి వంతెన మీద ఉప్పుటేరు దాటండి."

బండి తయారీలో అందరూ చెప్పేవి మీకు తెలిసే ఉంటాయి. ఆయిలు మార్చండి, బ్రేకు షూలు చూడండి, చైను ఓ అంగుళం వదులుండేలా సరిచెయ్యండి. నేను చెప్పేవి మూడు. ఒకటి, కొత్త క్లచ్ కేబుల్ సంచిలో పెట్టకండి, పాత కేబుల్ పక్కనే కొత్తదాన్ని కూడా లాగి టేపుతో కట్టేయండి. తెగితే రెండు చివర్లూ తగిలించుకోవడమే, ట్యాంకు విప్పక్కర్లేదు. రెండు, ట్యూబులు. స్ప్లెండర్‌కి ముందూ వెనకా రిమ్ము 18 అంగుళాలే, ఒక ట్యూబు ఉన్నా అవసరానికి గడుస్తుంది. మావాడి బుల్లెట్‌కి ముందు 19, వెనక 18, రెండూ మొయ్యాలి. మూడోది నేను చెప్పి, నేనే చెయ్యనిది: హ్యాండిల్‌కి లివర్లు పట్టుకుని ఉండే క్లాంపు బోల్టుల్ని మరీ బిగించకండి. బండి పడితే లివరు పక్కకి తిరగాలి, విరగకూడదు.

పేరుపాలెంలో అదే జరిగింది. మధ్యాహ్నం బీచిలో తడి ఇసక గట్టిగా ఉంది కదా అని మావాడు బుల్లెట్‌ని సైడ్ స్టాండ్ మీద పెట్టి వచ్చాడు. నేను చూసి ఊరుకున్నాను. కొబ్బరిబొండం తాగుతుంటే బండి నెమ్మదిగా, ఎవరో చెయ్యిపట్టి పడుకోబెట్టినట్టు, ఎడమ పక్కకి వాలిపోయింది. స్టాండు ఇసకలోకి జానెడు దిగిపోయింది. పోటు మొదలైంది, నురగ సైలెన్సర్ దాకా వస్తోంది. ఇద్దరం పట్టుకుంటే లేవదు, మోకాలు నొప్పివాడొకడు, నవ్వు ఆపుకోలేనివాడొకడు. పడవ దగ్గరున్న నలుగురు వచ్చి, "ఆయ్, మీరు పక్కకి జరగండి" అని ఒక్క ఊపున లేపేశారు. క్లచ్ లివర్ మధ్యకి విరిగింది. మిగిలిన ముక్కని రెండు వేళ్ళతో నొక్కుకుంటూ వాడు నరసాపురం దాకా నడిపాడు.

కాబట్టి ఇసక మీద ఎక్కడ ఆపినా స్టాండు కింద ఏదన్నా పెట్టండి. ఆ ప్రాంతంలో కొబ్బరి డొక్కకి, అంటే పీచు తొక్కకి, కొదవుండదు. ఎండుది, వెడల్పుది, బోర్లా వేసి దానిమీద స్టాండు దించాలి. చేత్తో ఒకసారి బండిని నొక్కి చూసి అప్పుడు వదలాలి. అసలు బీచి మీద బండి నడపడం మానుకోండి. ఉప్పు ఒక కారణం. ఇంకోటి, జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఎక్కి గుడ్లు పెడతాయి. ఇసక కింద ఏముందో టైరుకి తెలీదు.

లివరు దొరికేసరికి రాత్రయింది, నరసాపురంలోనే పడుకున్నాం. పొద్దున పాలకొల్లు వెళ్ళి దిబ్బరొట్టె తినొచ్చాం, చెరకు పానకంతో. దారి అటు కాదు, అయినా వెళ్ళాం. పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉంటుంది. ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలుండదు. ఇద్దరికీ ఒకటి చాలని నేను చెప్పినా మావాడు వినలేదు.

మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి గోదారి పాయ వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి. ఈ ట్రిప్పులో బండివాడు నేర్చుకోవాల్సిన పని ఇక్కడే ఉంది. రేవులోకి దిగే వాలు తడిగా, బురదగా ఉంటుంది. మొదటి గేరులో, క్లచ్ వదిలేసి, ఇంజను మీదే దిగాలి, ముందు బ్రేకు ముట్టుకోకూడదు. పంటు మీద ఇనుప రేకు నీళ్ళతో నున్నగా ఉంటుంది, రెండు కాళ్ళూ కిందపెట్టి పాక్కుంటూ ఎక్కండి. సిగ్గుపడక్కర్లేదు, వెనకాల గడ్డిమోపుతో ఎక్కేవాడు కూడా అలాగే ఎక్కుతాడు. బండిని డబుల్ స్టాండ్ వెయ్యకండి, పంటు ఊగితే అది ముందుకి దిగిపోతుంది. సైడ్ స్టాండ్ వేసి, ఇంజను ఆపి, గేరులో ఉంచి, హ్యాండిల్ ఎడమకి తిప్పి, పక్కనే నిలబడి ఓ చెయ్యి వేసి ఉండండి. దిగేటప్పుడు నడిచేవాళ్ళని ముందు పోనివ్వండి. చలికాలం పొద్దున మంచు పట్టిందంటే పంటు కదలదు, వరద రోజుల్లో అసలు వెయ్యరు. అలాంటప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగడమే.

నది మధ్యకి వచ్చాక మావాడు బండి మీద చెయ్యి వేసుకుని, "ఒరేయ్, మా నాన్న పోయినప్పుడు నువ్వు రాలేదు" అన్నాడు. ఆరేళ్ళ కిందటి మాట. రాకపోవడానికి కారణం ఉంది, చెప్పాను. వాడు సరేనన్నాడు. అవతలి గట్టు వచ్చేసింది, బళ్ళు దించుకున్నాం. ఇలాంటి మాటలు వస్తాయని తెలిసే వెళ్ళండి. బండి మీద ఉన్నంతసేపూ మాట్లాడుకోలేం కాబట్టి ఆగిన చోటల్లా వస్తాయి. హెల్మెట్లలో మైకులు పెట్టుకుంటామని కొందరు అంటారు, నేనైతే వద్దంటాను.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళండి, ఒక పక్క గోదారి, ఒక పక్క సముద్రం. అక్కణ్ణించి మలికిపురం వైపు తోటల మధ్య రోడ్లు సన్నగా, నీడగా ఉంటాయి. ఊరి లోపల స్పీడ్ బ్రేకర్లకి రంగుండదు, కొబ్బరాకుల నీడలో అసలు కనపడవు. 30 దాటొద్దు. చేపల లోడు లారీ వెనకాల పోవద్దు, దాన్నుంచి కారే నీళ్ళకి రోడ్డు జారుతుంది. కరవాక దాకా వెళ్తే వైనతేయ పాయ అవతల ఓడలరేవు కళ్ళ ముందే ఉంటుంది. బండితో వెళ్ళాలంటే మాత్రం పాశర్లపూడి, బోడసకుర్రు మధ్య వంతెన దాకా పైకి రావాలి. 1995 జనవరిలో గ్యాసు బావిలో బ్లోఅవుట్ జరిగి రెండు నెలలకు పైగా మంట మండింది ఆ పాశర్లపూడి దగ్గరే. మంట చూడ్డానికి వెళ్దామంటే ఇంట్లో పంపలేదని మావాడికి ఇప్పటికీ గుర్తు.

అంబాజీపేటలో పొద్దున్నే పొట్టిక్కలు తినండి, పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీలు. ముమ్మిడివరం దాటి ఎదుర్లంక దగ్గర గౌతమి మీద వంతెన ఎక్కితే యానాం. పుదుచ్చేరి పన్నులు కాబట్టి పెట్రోలు మనకన్నా చవక, ట్యాంకు అక్కడే నింపాలి కాబట్టి అమలాపురంలో కొద్దిగానే పోయించుకోండి. కోరంగి మడ అడవులకి మేం గంటే ఇచ్చాం, తక్కువే.

ప్రతి సాయంత్రం తప్పకుండా చెయ్యాల్సింది ఒకటుంది. లాడ్జికి రాగానే, స్నానానికి ముందే, రెండు బకెట్ల మంచినీళ్ళు బండి మీద. చైను, రిమ్ములు, ఇంజను కింద, సైలెన్సర్ చల్లారాక సైలెన్సర్. గుడ్డతో తుడిచి, చైనుకి గేర్ ఆయిల్ 90 చుక్కలు చుక్కలుగా వేసి, చేత్తో చక్రం తిప్పి, పైన మిగిలింది తుడిచెయ్యాలి. ఇది రాత్రే చెయ్యాలి. పొద్దున వేస్తే ఆయిలు లోపలికి దిగకముందే ఎగిరి ప్యాంటు మీద పడుతుంది, మిగిలింది ఇసకని పట్టుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. బ్యాటరీ టెర్మినల్స్‌కి బయల్దేరే ముందే వాజలైన్ రాయండి.

కాకినాడ నుంచి ఉప్పాడ బీచి రోడ్డు మీద రాళ్ళ కట్ట ఉంటుంది. సముద్రం ఏటా ఊరిని కోసుకుపోతోంది, అల గట్టిగా ఉన్నప్పుడు నీళ్ళు రోడ్డు మీదకే వస్తాయి. అలాంటప్పుడు పోలీసులు ఆపేస్తారు. ఆపకపోయినా మీరు ఆగండి. పోటు తగ్గాక ఎలాగూ వెళ్ళొచ్చు, ఈలోపు ఊళ్ళో జాందానీ మగ్గాలు చూడొచ్చు. మావాడు వాళ్ళావిడకి చీర కొన్నాడు, ఉమ్మడి సంచిలోంచి కాదు.

ఇంటికొచ్చిన మర్నాడు చక్రాలు రెండూ విప్పి డ్రమ్ములు శుభ్రం చేయించండి. పైన కడిగితే చాలదు. పది రోజుల తర్వాత మావాడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, వెనక బ్రేకు పట్టేస్తుందిరా."

"డ్రమ్ము విప్పించావా?"

మాట్లాడలేదు. సాయంత్రం మళ్ళీ చేశాడు. విప్పితే గుప్పెడు పేరుపాలెం ఇసక రాలిందట, షూలు రెండూ మార్చాల్సి వచ్చిందట.