ఇంటి ముందే కారు డీటెయిలింగ్ – 3వ పాఠం: క్లే బార్ పట్టడం

పోయిన పాఠంలో రెండు బకెట్లతో కారు కడగడం చూశాం. అలా కడిగిన కారు కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది. చేతిని అడిగితే వేరే సంగతి చెబుతుంది. పల్చటి కూరగాయల కవరు ఒకటి చేతికి తొడుక్కుని, తడి బానెట్ మీద వేళ్లకొసలతో బరువు పెట్టకుండా నిమరండి. వట్టి చేతికి తెలియని గరుకు కూడా కవరులోంచి బాగా తెలుస్తుంది. అద్దం మీద జారినట్టు జారిందా, మీ కారుకు ఇప్పుడు క్లే, అంటే పెయింటుకు అంటుకున్న బరకను లాగేసే ముద్ద, అవసరం లేదు. కొన్నది ఊరికే పోతుందే అని పట్టకండి. రవ్వ చల్లినట్టు బరబరమంటే మాత్రం ముందుకు రండి.

ముందు ఆ బరకేమిటో తెలుసుకోవాలి, ఎందుకంటే అన్నిటికీ క్లే మందు కాదు. గుంటకల్లులో రైలు కట్టకు దగ్గరగా రోజూ నిలిపే కారు మీద పట్టాల నుంచి, బ్రేకుల నుంచి లేచిన ఇనుప రజను ఉంటుంది. గ్రిల్స్ వెల్డింగ్ చేసే షాపు పక్కన నిలిపితే గ్రైండర్ రవ్వలు వేడివేడిగా వచ్చి పెయింటు పైపొరలో దిగబడతాయి. తర్వాత తడికి తుప్పు పడతాయి. తెల్ల కారు మీద సూదిమొనంత నారింజ చుక్కలు కనిపిస్తే అవి ఇవే. కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిలో గాని, కడప మీదుగా పోయే 40వ నంబరులో గాని కొత్తగా తారు వేసిన చోట నడిస్తే తలుపుల కింది భాగం నిండా నల్లటి చుక్కలు. చింతచెట్టు, వేపచెట్టు నీడ చూసి ఆపితే జిగురు. ఇవన్నీ క్లేకు లొంగేవే. అయితే ఇనుముకూ తారుకూ ముందు రసాయనం పడాలి. ఆ సంగతి కింద చెబుతాం.

తాడిపత్రి, బేతంచెర్ల వాళ్లకు వచ్చే బాధ వేరు. నాపరాయి పాలిష్ యూనిట్ల నుంచి వచ్చే తెల్లపొడి మంచుకు తడిసి, ఎండకు ఎండి, పొరలా గట్టిపడుతుంది. అది సున్నపురాయి పొడి. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేసిన కారు మీది తెల్ల మచ్చలూ ఇంచుమించు ఆ జాతివే. వీటి మీద క్లే పడితే రెండే జరుగుతాయి: మచ్చ మీదుగా ఊరికే జారిపోవడం, లేదా ఊడిన పలుకు క్లేలో ఇరుక్కుని పెయింటును గీరడం. తెల్ల వెనిగరూ నీళ్లూ సమంగా కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద ఒక నిమిషం ఉంచి, ఎక్కువ నీళ్లతో కడగండి. తగ్గకపోతే ఇంకోసారి. ఒక్క జాగ్రత్త: వాకిట్లో కడపరాళ్లు పరిచి ఉంటే ఆ వెనిగర్ నేల మీదికి కారనివ్వకండి, రాయి మెరుపు పోతుంది. అదీ సున్నపురాయే కదా. ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము గడ్డకట్టిన కారయితే, దానికోసం అమ్మే సిమెంటు రిమూవర్‌తో అది కరిగేదాకా క్లే తీయనే వద్దు.

క్లే అంటే మట్టి కాదు

పేరు క్లేనే గాని, అది సాగే పాలిమర్ ముద్ద. అందులో అతి సన్నని అరగదీసే పొడి కలిపి ఉంటుంది. జపాన్‌లో పుట్టిన ఈ వస్తువుకు 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటులో దీన్ని వంగే సానరాయి అనే అన్నారు. సరైన పేరు అదే. సబ్బులా రుద్దేవాళ్లు దీన్ని సానరాయి అని మరిచిపోతారు. కారు రంగు మీది క్లియర్ కోటు (రంగు లేని పైపొర) మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక అంతకంటే లావు.

గ్రేడ్లు మూడు: ఫైన్, మీడియం, హెవీ. ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకు ఫైన్ చాలు. మీడియం పట్టాక పాలిష్ చేయక తప్పదు. హెవీ గ్రేడు పాలిషింగ్ మెషీన్ ఉన్నవాళ్ల పని. రంగును చూసి గ్రేడు అనుకోవద్దు. ఒక కంపెనీ నీలం ఫైన్ అయితే ఇంకో కంపెనీ నీలం మీడియం కావచ్చు. డబ్బా మీద గ్రేడు రాయని క్లే ఎంత చవకగా వచ్చినా కొనకండి. 100 గ్రాముల ముద్ద కొని సగానికి కోసుకోండి. ఒక హ్యాచ్‌బ్యాక్‌కు 50 గ్రాముల ముక్క సరిపోతుంది. మొత్తం ఒకేసారి వాడితే, చెయ్యి జారి కింద పడిన రోజు మొత్తం పోతుంది.

జారుడు నీళ్లు

ఉత్త నీళ్లు పనికిరావు. క్లే పెయింటును పట్టేస్తుంది. క్లే లూబ్ అని అమ్మేది తెచ్చుకోవచ్చు. లేదంటే లీటరు నీళ్లలో 10 మిల్లీలీటర్ల మామూలు కారు షాంపూ కలిపి స్ప్రే సీసాలో పోసుకోండి. వ్యాక్స్ కలిసిన షాంపూ వద్దు. నిమ్మ సారం, స్పిరిట్ ఉన్న క్లీనర్లు అసలే వద్దు. వాటికి కొన్ని క్లేలు మెత్తబడి పిండి పిండి అవుతాయి. నీళ్లు మినరల్ వాటర్ క్యాన్‌లోవి వాడండి. బోరు నీళ్లయితే ఇప్పుడే పోగొట్టిన మచ్చలు మళ్లీ వస్తాయి. కారు మొత్తానికి ముప్పావు లీటరు దాకా అవుతుంది. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

పని

వేళ ముఖ్యం. మన ఎండాకాలంలో ఉదయం 7 దాటితే మానేయండి, లేదా పొద్దు గూకాక నీడపట్టున మొదలుపెట్టండి. అరచేతి వెనక భాగం బానెట్‌కు ఆనిస్తే చల్లగా తగలాలి. వేడి రేకు మీద లూబ్ ఆరిపోతుంది, క్లే చూయింగ్ గమ్‌లా అంటుకుంటుంది.

కడిగిన తడి కారు మీద ముందు ఐరన్ రిమూవర్ చల్లండి. ఇనుము ఉన్న చోట ఊదా రంగు కారుతుంది. 3 నుంచి 5 నిమిషాలు ఉంచి, ఆరకముందే బాగా కడిగేయాలి. చేతులకు గ్లౌజులుండాలి, వాసన ఘాటుగా ఉంటుంది. తారు చుక్కలకు టార్ రిమూవర్ గుడ్డకు పట్టించి, అర నిమిషం ఆనించి తుడవండి. కిరసనాయిలు కూడా తారును తీస్తుంది, కానీ జిడ్డు మిగులుస్తుంది. వాడితే మళ్లీ షాంపూతో కడగాల్సిందే. ఈ రెండూ ముందే ఎందుకంటే, ఇనుప రవ్వను క్లేతో పీకితే అది క్లేలోనే ఉండి తర్వాతి చోటంతా గీస్తుంది.

ఇక ముక్కను చేత్తో పిసకండి. డిసెంబరు పొద్దున గట్టిగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి. జొన్నరొట్టె తట్టినట్టు తట్టి, నాలుగు వేళ్ల వెడల్పు బిళ్ల చేయండి. రెండు అడుగుల చదరం ఎంచుకుని అక్కడా, బిళ్ల మీదా లూబ్ ధారాళంగా చల్లండి. బిళ్లను వేళ్ల కింద పెట్టి ముందుకూ వెనక్కూ తిన్నగా జరపండి, తర్వాత అడ్డంగా. గుండ్రంగా తిప్పకండి. గుండ్రపు గీతలు ఎండలో సాలెగూడులా మెరుస్తాయి, తిన్నటి గీతలు అంతగా కనపడవు. బరువు ఎంతంటే, బిళ్ల జారిపోకుండా పట్టుకునేంతే.

మొదట సన్నగా గీరుతున్న చప్పుడు వస్తుంది, చేతికి పట్టుగా తగులుతుంది. పోనుపోను చప్పుడు తగ్గి, బిళ్ల దానంతట అదే జారుతుంది. అక్కడ ఆపాలి. ఒక్కో చదరానికి ఒకటి రెండు నిమిషాలు. అంతకంటే పడుతోందంటే రసాయనం సరిగా పని చేయలేదని అర్థం. వెనక్కి వెళ్లి ఐరన్ రిమూవర్ మళ్లీ చల్లండి తప్ప చేతి బరువు పెంచకండి. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, కవరు చేత్తో పరీక్షించి, పక్క చదరానికి పోండి.

ప్రతి చదరం తర్వాత బిళ్లను తిరగేసి చూడండి. గోధుమరంగు మరక కనిపిస్తే మురికి లోపలికి పోయేలా మడిచి, కొత్త ముఖం తీయండి. మడిచినా నల్లగానే ఉంటే ఆ ముక్క పని అయిపోయింది. టాప్ నుంచి మొదలుపెట్టి బానెట్, డిక్కీ, తలుపుల పైభాగం చేసి, తలుపుల కింది భాగం, బంపర్లు ఆఖరికి ఉంచండి. ముందు అద్దానికి కూడా క్లే పట్టొచ్చు, వైపర్ చప్పుడు చాలావరకు తగ్గుతుంది. రంగు వేయని నల్ల ప్లాస్టిక్‌కు మాత్రం తగలనివ్వకండి, తెల్లగా మరక పడుతుంది. మ్యాట్ పెయింటుకు క్లే కూడదు. కొత్తగా పెయింటు వేయించిన ప్యానెల్ అయితే రెండు మూడు నెలలు ఆగాలి.

బిళ్ల కింద పడిందా, పారేయండి. కడిగితే పోతుందనుకోవద్దు. వాకిట్లోని ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా బానెట్ పొడవునా గీత పడుతుంది. కడిగి మళ్లీ వాడుకునేది కావాలంటే క్లే మిట్ ఉంది: చేతి తొడుగు మీద రబ్బరులాంటి పొర. పని త్వరగా అవుతుంది, కింద పడితే కడుక్కోవచ్చు. కాకపోతే అద్దం మీద నాలుగుసార్లు రుద్ది పదును తగ్గించాక గాని పెయింటు మీద పెట్టకూడదు. పైగా వేళ్లకు అంతగా సంగతి తెలియదు. నల్ల కార్లకు మేము ముద్దనే చెబుతాం.

ఎండకు బిళ్ల మరక అంటుకుంటే గోటితో గీకకండి. లూబ్ చల్లి అదే క్లేతో మెల్లగా ఒత్తి తీయండి, అప్పటికీ మిగిలితే టార్ రిమూవర్. పని పూర్తయ్యాక మబ్బు కమ్మినట్టు పొర కనిపిస్తే లూబ్ చాలలేదని, లేదా గ్రేడు ఎక్కువైందని. దాన్ని పాలిష్‌తోనే పోగొట్టాలి.

క్లే పట్టాక పాత వ్యాక్స్ కూడా పోయి ఉంటుంది. పెయింటు ఒంటి మీద ఏమీ లేకుండా ఉంది కాబట్టి అదే రోజు వ్యాక్స్ గాని సీలెంట్ గాని పడాలి. మిగిలిన ముక్క మీద రెండు చుక్కల లూబ్ చల్లి, మూత గట్టిగా పట్టే డబ్బాలో ఇంట్లో ఉంచండి. కారు డాష్‌బోర్డులో పెడితే మే నెలలో డబ్బాకు అతుక్కుపోతుంది.

వచ్చే పాఠం చేత్తో పాలిష్ పట్టడం. దానికి ముందు బిళ్ల మీద చెయ్యి తిరగాలి కాబట్టి, డిక్కీ మీద ఒక్క చదరం మాత్రం చేసి, పొద్దున ఏటవాలు ఎండలో దాని పక్క చదరంతో పోల్చి చూడండి. గీతలు కనిపిస్తే ఎటు వైపు పడ్డాయో రాసి పెట్టుకోండి.