ఇంగ్లిష్ పరీక్షకు ముందు: క్రియ పక్కన ఏ మాట పెడుతున్నారో చూసుకోండి

పదో తరగతి ఇంగ్లిష్ పరీక్ష దగ్గర పడుతోంది. జరిగిపోయిన సంగతి రాసేటప్పుడు ఇవి ఒకసారి చూసుకోండి.

- ఆల్మోస్ట్ చోటు మారితే అర్థమే మారిపోతుంది. ‘ఐ ఆల్మోస్ట్ లాస్ట్ ఆల్ మై మనీ’ అంటే డబ్బంతా పోబోయి ఆగింది, ‘ఐ లాస్ట్ ఆల్మోస్ట్ ఆల్ మై మనీ’ అంటే దాదాపు అంతా పోయింది. రెండింట్లోనూ గ్రామర్ సరిగ్గానే ఉంటుంది, అందుకే మళ్లీ చదివినా తప్పు కంటికి కనబడదు.

- యెస్టర్డేని క్రియ ముందు పెట్టొద్దు. ‘నేను నిన్న వెళ్లాను’ అనే అలవాటుతో ‘ఐ యెస్టర్డే వెంట్’ అని మనకు తెలియకుండానే వచ్చేస్తుంది, నిజానికి దాని చోటు వాక్యం మొదట్లో, లేదంటే చివర.

- ఆల్వేస్, నెవర్ లాంటివి మామూలు క్రియకు ముందు: ‘షి ఆల్వేస్ కేమ్ లేట్’. వాజ్, వర్ ఉంటే తర్వాత: ‘షి వాజ్ ఆల్వేస్ లేట్’.

- నెవర్ ఉంటే డిడింట్ వద్దు, ‘ఐ నెవర్ వెంట్’ చాలు. నెవర్‌లోనే ‘లేదు’ ఉంది.

- ‘ఐ ఫినిష్డ్ క్విక్లీ ద వర్క్’ తప్పు. క్రియకీ కర్మకీ మధ్య క్విక్లీ లాంటి మాట దూర్చకండి, ‘ఐ క్విక్లీ ఫినిష్డ్ ద వర్క్’ అనండి.