జ్యూక్‌బాక్స్ కొంటున్నారా? ముందు వెనక తలుపు తీయించండి

నాణెం వేసి బటన్ నొక్కితే అడిగిన రికార్డు వాయించే పాత జ్యూక్‌బాక్స్ కంటపడగానే ఎవరికైనా చెయ్యి ప్లగ్ మీదికే పోతుంది. దయచేసి పెట్టకండి. నేను కొన్న మొదటిది 1950ల నాటి సీబర్గ్ కంపెనీది, ఒక ఇంటి గ్యారేజీలో దుప్పటి కింద దొరికింది, పోయినేడు కూడా పాడిందని ఆ ఇంటాయన చెబితే నమ్మి తెచ్చుకుని ఆ రాత్రే ప్లగ్ పెట్టాను. లైట్లు వెలిగాయి. నిమిషం తిరగకుండానే స్పీకర్లో గుయ్యిమని మోత, ఆ వెంటనే మైనం కాలుతున్న వాసన. ఆంప్లిఫయర్‌లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు.

జరిగిందేమిటంటే, ఆ రోజుల్లో ఆంప్లిఫయర్లలో వాడిన కాగితం-మైనం కెపాసిటర్లు, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాలు) డెబ్బై ఏళ్లలో పాడైపోతాయి. కరెంటు ఇవ్వగానే కొన్ని షార్ట్ అవుతాయి, ఆ భారమంతా ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. కెపాసిటర్లు చవగ్గానే దొరుకుతాయి, సరైన ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం వెతికి వెతికి పట్టుకోవాలి. కాబట్టి ఆంప్లిఫయర్ బయటికి తీయించి, పాత కెపాసిటర్లన్నీ మార్పించి, పైన బట్ట తొడుగో రబ్బరు తొడుగో పొడైపోయిన వైర్లు కూడా మార్చాకే కరెంటు ఇవ్వాలి. ఈ పని రాకపోతే వాల్వ్ రేడియోలు బాగుచేసే వాళ్లకి ఇవ్వండి, నేర్చుకుంటూ చేద్దామనుకోకండి, లోపల ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. మెషీన్ లోపలి ట్యూబ్‌లైట్ల బ్యాలస్ట్ (చోక్) 1979కి ముందుదైతే అందులో పీసీబీ అనే విష రసాయనం ఉండొచ్చు, జిడ్డు కారుతుంటే ఉత్త చేతులతో ముట్టుకోవద్దు.

ఇక ఏది కొనాలి. అందరి కళ్లూ వుర్లిట్జర్ కంపెనీ 1015 మోడల్ మీదే ఉంటాయి, పాల్ ఫుల్లర్ డిజైన్ చేసినది, పైన గుండ్రని వంపు, పక్కల బుడగలు పైకెక్కే గొట్టాలు. 1946, 47లలో యాభై వేలకు పైగా తయారయ్యాయి, అంటే అరుదైనదేమీ కాదు, అయినా ధర వేల డాలర్లలోనే ఉంటుంది, ఎందుకంటే జ్యూక్‌బాక్స్ అనగానే జనం మనసులో మెదిలే బొమ్మ అదే. కానీ అది వాయించేది 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు, అవీ 24, ఒక వైపు మాత్రమే. మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా, 45 ఆర్‌పీఎం మెషీన్ తీసుకోండి. 45 రికార్డును ఆర్‌సీఏ కంపెనీ 1949లో తెచ్చింది, ఆ మరుసటి ఏడే సీబర్గ్ ఎం100బి దాన్ని వాయించింది, యాభై రికార్డులు, రెండు వైపులా కలిపి వంద పాటలు. ఇంటికొచ్చిన వాళ్లు అడిగే యాభైలు, అరవైల పాటలు చాలావరకు 45లలోనే ఉన్నాయి. ఒక్క జాగ్రత్త, మధ్యలో పెద్ద రంధ్రం ఉన్న రికార్డులే కొనాలి, ఈ మధ్య వస్తున్న కొన్నిటికి చిన్న రంధ్రమే ఉంటుంది.

1015 అని చెప్పి అమ్మేవాటిలో అసలైనది కానిది కూడా ఉంటుంది. 1986 నుంచి వుర్లిట్జర్ జర్మనీ కంపెనీ 'వన్ మోర్ టైమ్' పేరుతో అదే రూపంలో కొత్తది చేసింది. మంచి మెషీనే, కొనుక్కోవచ్చు, కానీ 1946 నాటి అసలు మెషీన్‌కి పెట్టే ధరకి కాదు. తేడా తెలుసుకోవడం తేలిక, లోపల చూడండి, 45 రికార్డులు గానీ సీడీలు గానీ ఉంటే అది కొత్తది.

అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ముందు తాళంచెవి అడగండి. వెనక తలుపు తెరిచి చూపించకపోతే ధర మాట్లాడొద్దు. ముందువైపు మెరుపు ఎంతున్నా సరే, మెషీన్ బతుకు వెనకే ఉంటుంది. టార్చ్ వేసి కింద అడుగు చెక్క చూడండి, నీళ్లలో నిలబడ్డదైతే ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉంటాయి. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి. టర్న్‌టేబుల్‌ని, గేర్లని వేలితో మెల్లగా కదిపి చూడండి, కదలకపోయినా భయపడక్కర్లేదు, చాలాసార్లు తప్పంతా గ్రీజుదే, ఏళ్ల తరబడి వాడకపోతే అది లక్కలా గట్టిపడి అన్నిటినీ పట్టేస్తుంది. దాన్ని పూర్తిగా కడిగి, మాన్యువల్లో చెప్పిన చోట చెప్పిన నూనె వేస్తే చాలా మెషీన్లు మళ్లీ కదులుతాయి. పైనుంచి స్ప్రే కొట్టేస్తే రెండు వారాలు తిరిగి మళ్లీ పట్టేస్తుంది. ఏదైనా భాగం లేదంటే మాత్రం, ఆంప్లిఫయర్ తీసేసి ఉన్నా, రికార్డు మీద సూదిని ఆనించే పికప్ ఆర్మ్ లేకపోయినా, ధర సగానికి తగ్గించినా నేనైతే వదిలేస్తాను. మెషీన్ మురికిగా ఉన్నా పర్వాలేదు, పార్టులన్నీ ఉండాలి. క్రోమ్ పూత లేచిపోయి ఉంటే ఆ ఖర్చు బేరంలోనే తగ్గించండి, మళ్లీ పూత వేయించడం జేబుకి చాలా బరువు.

జ్యూక్‌బాక్స్ పెట్టే చోటు లేనివాళ్లు వాల్‌బాక్స్‌తో మొదలుపెట్టొచ్చు. అమెరికాలో డైనర్లనే చిన్న హోటళ్లలో టేబుల్ పక్క గోడకి ఉండేవి, సీబర్గ్ వాల్-ఓ-మాటిక్ లాంటివి. తనంతట తాను పాడదు, నాణెం వేసి బటన్ నొక్కితే జ్యూక్‌బాక్స్‌కి సంకేతం పంపుతుంది, అంతే. చిన్న సర్క్యూట్ కలిపి దాన్ని ఈనాటి మ్యూజిక్ ప్లేయర్‌కి తగిలించుకునే వాళ్లున్నారు, అందుకే అమ్ముడుపోవడానికి పెద్దగా ఎదురుచూడక్కర్లేదు.

జ్యూక్‌బాక్సులతో పాటు జనం పోగుచేసే పాత పెట్రోల్ బంకుల, కూల్‌డ్రింకుల ఎనామెల్ బోర్డుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త, నకిలీలు ఎక్కువ. అసలు బోర్డులో ఒక్కో రంగునీ విడిగా వేసి కొలిమిలో కాల్చేవారు, అందుకే రంగు మారే చోట గోరు పెట్టి లాగితే చిన్న మెట్టు తగులుతుంది. కొత్తగా చేసే నకిలీల్లోనూ కొన్నిటికి ఈ మెట్టు ఉంటుంది, కనుక అదొక్కటే చాలదు. రంధ్రాల దగ్గర చూడండి. బోల్టు బిగించి గాలికి ఊగిన బోర్డుకి పూత ఎగుడుదిగుడుగా రాలి, లోపలి ఇనుము నల్లగా తిరిగి ఉంటుంది. నాలుగు రంధ్రాల చుట్టూ ఒకేలా రాలి, నారింజ రంగు తుప్పు కనబడితే ఎవరో సుత్తితో కొట్టి ఉప్పునీళ్లు పోశారేమో అని అనుమానించాలి. బోర్డు తిరగేసి వెనక కూడా చూడండి.

వెతకడానికి అమెరికాలో మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ పాత సామాన్ల సంత ఏటా మే, జులై, సెప్టెంబర్లలో జరుగుతుంది. ఆగస్టులో మిచిగాన్ నుంచి అలబామా దాకా 690 మైళ్ల దారి పొడవునా ఇళ్ల ముందు పాత సామాన్లు పెట్టి అమ్ముతారు, ఓపికుంటే అక్కడ దొరికినంత చవగ్గా ఇంకెక్కడా దొరకదు.

తెచ్చేటప్పుడు రికార్డులన్నీ తీసేయాలి, పికప్ ఆర్మ్‌ని కట్టేయాలి, స్ప్రింగుల మీద ఊగే మెకానిజాన్ని బోల్టులతో బిగించాలి. ఎప్పుడూ నిలబెట్టే తేవాలి, పడుకోబెట్టొద్దు. మూడు వందల పౌండ్లకు పైనే ఉండే పెట్టె ఇది, ఇద్దరు మనుషులు, చక్రాల బండి, బెల్టు ఉండాలి. ఇంట్లో మెట్ల వెడల్పు ముందే కొలుచుకోండి, బేస్‌మెంట్ మలుపు దగ్గర ఇరుక్కుంటే గోడా పాడవుతుంది, మెషీనూ పాడవుతుంది.

అమ్మేటప్పుడు ఫొటోలు ఒక్కటే పెడితే బేరగాళ్లే వస్తారు, వీడియో పెడితే కొనేవాళ్లు వస్తారు. స్విచ్ వేసిన దగ్గర్నుంచి, నాణెం పడడం, బటన్ నొక్కడం, రికార్డును ఎత్తి పెట్టడం, పాట అయ్యాక తిరిగి అరలో పెట్టడం దాకా ఎక్కడా కట్ చేయకుండా తీయండి. వెనక తలుపు తెరిచిన ఫొటో, సీరియల్ నంబర్ ప్లేటు ఫొటో తప్పనిసరి. ఏది అసలుది, ఏది కొత్తగా చేయించిన ప్లాస్టిక్, ఏ ఏడు కెపాసిటర్లు మార్చారు, అన్నీ రాయండి, ఏదైనా లోపం ఉంటే అదే మొదట రాయండి. మెషీన్ చూడకుండానే ధర ఒప్పుకుని, మీరడిగిన దానికంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలింది తిరిగి పంపమనే వాళ్లతో మాట్లాడొద్దు. అది మోసమే. డబ్బు నిజంగా చేతికి వచ్చాకే మెషీన్ కదలాలి.

వేరే దేశం వాళ్లు కొంటే ఒక మాట ముందే చెప్పండి. అమెరికా మెషీన్లు 60 హెర్ట్జ్ కరెంటుకి చేసినవి. 50 హెర్ట్జ్ ఉన్న చోట వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మోటారు నెమ్మదిగానే తిరుగుతుంది, 45 కాస్తా 37 చిల్లరకి పడిపోయి గాయకుడి గొంతు బరువెక్కుతుంది. మోటారు నుంచి టర్న్‌టేబుల్‌ని తిప్పే డ్రైవ్‌లో దానికి తగ్గ పార్టు మార్చుకోవాలి. ఇక అప్పగించే రోజు తాళంచెవి, మాన్యువల్ కాపీ చేతికిచ్చి, రవాణా బోల్టులు ఎక్కడున్నాయో, ఇంటికెళ్లాక ముందు ఏవి విప్పాలో వాళ్ల చేతే ఒకసారి చేయించి చూడండి.