టు-లెట్ బోర్డు దగ్గర సమాజాన్ని చదవడం ఎలా?

గుంటూరు నుంచి విజయవాడకు లెక్చరర్‌గా వచ్చిన ఏడాది అద్దె ఇల్లు కోసం మొగల్రాజపురం, గవర్నర్‌పేట, సత్యనారాయణపురం తిరిగాను. ఏడిళ్లు చూస్తే ఐదు చోట్ల ఒకటే మాట.

"ఎంతమందమ్మా?"

"ఒక్కదాన్నేనండి."

"సారేం చేస్తారు?"

"ఇంకా పెళ్లి కాలేదండి."

అక్కడితో ఇంటావిడ ముఖం మారిపోయేది. "మా తమ్ముడు ఎవరికో మాటిచ్చాడట, ఏమీ అనుకోకమ్మా" అనేవారు. మర్నాడు అదే దారిన వెళ్తే బోర్డు అలాగే వేలాడుతుండేది. నా మాటతీరులోనే ఏదో లోపం ఉందేమోనని చాలా బాధపడ్డాను.

ఇప్పుడు సమాజశాస్త్రం చెప్పేటప్పుడు సామాజిక నిర్మితి (సోషల్ స్ట్రక్చర్) అన్న పాఠాన్ని ఇక్కడి నుంచే మొదలుపెడతాను. మీరూ చేసి చూడండి. ఒక నోట్‌బుక్, రెండు మూడు సాయంత్రాలు చాలు. ఇల్లు అక్కర్లేకుండా వెళ్లి ఓనర్లను మోసం చేయొద్దు. ఈ మధ్యే ఇల్లు మారినవాళ్లను ఓ పదిమందిని పట్టుకుని, ఓనరు వాళ్లను ఏమేం అడిగారో చెప్పమనండి. పేర్లు, డోర్ నంబర్లు రాయొద్దు. ప్రశ్నలను మాత్రం అడిగిన వరసలోనే రాయండి. వరస చాలా ముఖ్యం. అద్దె ఎంత ఇవ్వగలరన్నది మొదట అడిగారా, ఇంటిపేరు మొదట అడిగారా అన్న దాన్నిబట్టే ఆ వీధిలో దేనికి ఎక్కువ విలువో తెలుస్తుంది.

పదిమందివీ రాశాక పక్కపక్కన పెట్టి చదవండి. ఒకరికి ఇల్లు దొరక్కపోతే అది ఆ మనిషి కష్టం. ఒకే రకం మనుషులకు ఒకే ప్రశ్న దగ్గర తలుపు మూసుకుంటుంటే అది సమాజానిది. అమెరికా సమాజశాస్త్రవేత్త సీ. రైట్ మిల్స్ 1959లో ఈ తేడానే నిరుద్యోగంతో చెప్పాడు. లక్షమంది ఉన్న ఊళ్లో ఒక్కడికి పని లేకపోతే అతని సంగతి చూస్తాం. ఐదు కోట్లమంది ఉద్యోగుల దేశంలో కోటిన్నరమందికి పని లేకపోతే ఎవరి సోమరితనం గురించీ మాట్లాడి లాభం లేదు. ఇది చదివిన రోజు నా మనసు మీది బరువు దిగింది. ఆ ఐదిళ్లవాళ్లు ఒకరికొకరు తెలియదు. అయినా ఒకే వాక్యం ఎలా అన్నారు? వాళ్లందరికీ ఆ వాక్యం నేర్పిన ఏర్పాటు ఒకటుంది. దాన్నే సామాజిక నిర్మితి అంటాం.

తర్వాత ఒకే జవాబును మూడు వైపుల నుంచి చూడాలి. ఒక్క వైపు చూసి ఆగిపోతే తప్పుడు అర్థం వస్తుంది.

మొదట, ఈ ప్రశ్న వల్ల ఏ పని జరుగుతోందో అడగండి. ఇది ప్రకార్యవాదుల (ఫంక్షనలిస్టుల) పద్ధతి. ఓనరు కింద ఉంటారు, పైన అద్దెవాళ్లు. మోటారు ఒకటే, మెట్లు ఒకటే. పదకొండు నెలల అగ్రిమెంటు కాగితం ఉన్నా, గొడవైతే కోర్టు చుట్టూ ఏళ్లు తిరగాలన్న భయం. అందుకని కాగితాన్ని నమ్మకుండా "మీకు తెలిసినవాళ్లు ఇక్కడెవరున్నారు?" అంటారు. నమ్మకం కుదుర్చుకోవడం ఆ ప్రశ్న పైకి చేసే పని. సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ చెప్పినట్టు, ఎవరూ అనుకోకుండా లోపల జరిగిపోయే పని ఇంకొకటి ఉంటుంది. తెలిసినవాళ్లకే ఇస్తూ పోతే వీధంతా ఒకే కులం అవుతుంది. పిల్లలు వాళ్లలో వాళ్లే ఆడుకుంటారు, పెళ్లి సంబంధాలూ ఆ గడపలు దాటవు. అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో కులానికి మూలం సొంత కులంలోనే పెళ్లి చేసుకునే కట్టుబాటు అన్నారు. "మనోళ్లేనా?" అన్న ప్రశ్న ఆ కట్టుబాటుకు కాపలా కాస్తోందని నాకు అనిపిస్తుంది.

రెండోది, ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని చూడండి. ఇదే సంఘర్షణ దృక్పథం. నాతోపాటే చేరిన ముస్లిం సహోద్యోగికీ నాకూ ఒకే జీతం. తను పేరు చెప్పగానే "వన్‌టౌన్ వైపు చూసుకోండి" అనేవారు, అంటే పాతబస్తీకి వెళ్లమని. నన్ను కూడా ఇంటిపేరు అడిగేవారు, చెప్పాక తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్లేవారు. ఆ ప్రశ్న నన్ను ఆపలేదు కాబట్టి అది ఉన్నట్టే నాకు అప్పుడు తోచలేదు. మిమ్మల్ని ఆపని ప్రశ్నలను కూడా తప్పకుండా రాయమని చెప్పేది ఇందుకే. జీతం ఒకటైనా గౌరవం ఒకటి కాదు. జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ వర్గాన్నీ (డబ్బు స్థాయి), అంతస్తునూ (సమాజంలో గౌరవం) వేరువేరుగా చూడమన్నది ఇలాంటి చోటే. ఢిల్లీ పరిసరాల్లో ఆర్థికవేత్త సుఖదేవ్ థోరాట్ బృందం ఫోన్ చేసీ, నేరుగా వెళ్లీ అద్దె ఇళ్లు అడిగి చూసింది. 2015లో వచ్చిన ఆ పరిశోధనలో దళితులకు కాదన్నవాళ్లు చాలామంది తేలారు, ముస్లింలకు ఇంకా ఎక్కువ.

మన విజయవాడ మ్యాపు కూడా పక్కన పెట్టుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాన ఊరంతటికీ ఒకటే. అద్దె తక్కువని పల్లంలో చేరిన కుటుంబానికి మాత్రం ఆ వాన వేరు. మీరు అడిగిన పదిమందిలో ఎవరు ఎక్కడ చేరారో, ముందు ఎక్కడ అడిగి కాదనిపించుకున్నారో గుర్తుపెట్టుకోండి.

మూడోది, గుమ్మం దగ్గర ఇద్దరు మనుషుల మధ్య ఏం జరుగుతుందన్నది. కులం ఎవరూ సూటిగా అడగరు. "ఏ ఊరమ్మా మీది?", "ఇంటిపేరేమిటి?", "నాన్‌వెజ్ వండుతారా?" అని చుట్టూ తిరిగి వస్తారు. వెళ్లినవాళ్లూ తయారయ్యే వెళ్తారు. మనుషులు ఎదుటివారి ముందు వేదిక మీద ఉన్నట్టు మసలుకుంటారని సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ అన్నాడు. ఎనిమిదో ఇంటికి నేను మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. గంజి పెట్టిన చీర, నిండుగా బొట్టు. అమ్మ ఇంటావిడను "అక్కయ్యగారూ" అంది. పావుగంటలో తాళాలు చేతికొచ్చాయి. నా జీతం, నా ఉద్యోగం, నేను, అన్నీ అంతకుముందులాగే ఉన్నాయి. మారింది నా పక్కన నిలబడ్డ మనిషి.

విద్యార్థులు ఇక్కడ ఒక మాట అడుగుతారు: "అయితే ఓనర్ల తప్పు లేదా మేడమ్?" ఉంది. ఒక పని ఎందుకు జరుగుతోందో వివరించడం దాన్ని ఒప్పుకోవడం కాదు. చాలా ఇళ్లవాళ్లు కాదన్నా మిగిలిన వాళ్లు మనల్ని ఇంట్లోకి రానిస్తే, అదీ అదే సమాజంలో జరిగినదే. వాళ్లు ఎందుకు వేరుగా ఉన్నారో కనుక్కోండి. నా అనుభవంలో వాళ్లలో కొందరు తామూ ఎక్కడో ఇల్లు దొరక్క తిరిగినవాళ్లు.

చివరగా మీ ఇంట్లో అడగండి. ఇది అన్నిటికన్నా కష్టం. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి మేడ మీద పోర్షన్ అద్దెకిచ్చేది అమ్మే. ఓ ఆదివారం భోజనాలయ్యాక, "ఇంటిపేరు ఎందుకు అడుగుతావమ్మా?" అన్నాను. "అడక్కుండా ఎలా ఇస్తామే? మనం కింద ఉండొద్దూ?" అంది. కాసేపాగి, "నీకు ఇల్లివ్వలేదని ఎంత ఏడ్చానో" అంది. ఆ రెండు మాటలూ తేదీ వేసి, అమ్మ ఎదురుగానే రాసుకున్నాను. మీరు అడిగినప్పుడు కూడా జవాబును సరిదిద్దకండి, వాదించకండి, అన్నది అన్నట్టే రాయండి.